ఎనిమిదో ఫోటో

మా చర్చికి తెల్లవాళ్ళు రావడం కొత్త కాదు. నా చిన్నప్పటి నుంచీ రెండు మూడేళ్ళకొకసారి పదిమందో పన్నెండుమందో వచ్చేవాళ్ళు. పెనుకొండ ఎండకు రెండో రోజుకే ఎర్రగా కమిలిపోయేవాళ్ళు. పిల్లలతో ఆటలాడి, నాలుగు పాటలు నేర్పి, చర్చి ప్రహరీ గోడకు రంగు వేసి పోయేవాళ్ళు. ఎవరు వచ్చినా ఆ గోడకే. అతిథులకు ఏదో ఒక పని చూపించాలి కాబట్టి, వాళ్ళు వచ్చే వారం ముందు మేము బాగున్న గోడను గీకి పెట్టేవాళ్ళం. గీకినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గీకుతూ ఒకటే అనుకునేవాణ్ణి, ఎప్పటికైనా మనమూ విమానమెక్కి పోయి ఎవరి గోడకో రంగు వెయ్యాలని.

ఆ కోరిక నాకు యాభయ్యో ఏట తీరబోయింది. మా చర్చిలో పాస్టరును అయ్యగారు అంటాం. బెంగుళూరులో ఒక బైబిలు సభలో అయ్యగారికి కెన్యా పాస్టరు ఒకాయన పరిచయమయ్యాడు. ఎప్పుడూ తెల్లవాళ్ళేనా, మీరెందుకు రాకూడదు, పది రోజులుండి మా పిల్లలకు బైబిలు తరగతులు నడపండి అన్నాడట ఆయన. అయ్యగారు ఆదివారం ప్రసంగం చివర్లో ఆ మాట చెప్పారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కెన్యా మ్యాపులో ఎక్కడుందో నా కూతురి అట్లాసు తీసి చూశాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు సంఘాల నుంచి ఎనిమిదిమందిమి పోవాలని తేలింది. యాత్రకు నన్ను సెక్రటరీని చేశారు. మా సంఘానికి నేను అప్పటికే సెక్రటరీని. సభ్యుల రిజిస్టరు, లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు నా బీరువాలోనే ఉంటాయి. ప్రైవేటు బడిలో ఇరవై ఐదేళ్ళుగా గుమాస్తాగా ఉన్నవాణ్ణి, కాగితమంటే నాకు భయం లేదు. ఆ భయం లేకపోవడమే కొంప ముంచింది.

సమావేశాలు హిందూపురంలో జరిగేవి. అక్కడి సంఘానికి ఫ్యాన్లు తిరిగే హాలుంది. ప్రతి సమావేశమూ ప్రార్థనతో మొదలై ఊరగాయ దగ్గర ఆగిపోయేది. ఎన్ని కిలోలు తీసుకుపోవాలి, విమానంలో నూనె కారితే ఎట్లా, పప్పులపొడి సరిపోదా. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం బియ్యం మూట లేనిదే కదలనన్నాడు.

"దుడ్లు ఎవరైనా ఇస్తారప్పా. ఆడ మనకు అన్నం ఎవరు పెడతారు?" అనేవాడు.

"వాళ్ళు మన సంకటి మాదిరే మొక్కజొన్న పిండితో ముద్ద చేస్తారంటన్నా," అని నేను చెబితే, "అయితే గోంగూర ఎత్తుకుపోదాం," అన్నాడు. దాని మీద ఇంకో గంట చర్చ జరిగింది. కెన్యా పోయేవాళ్ళు ఎల్లో ఫీవరు సూది వేయించుకోవడానికి బెంగుళూరు పోవాలని చెప్పడానికి ఆ రోజు నాకు సందు దొరకలేదు.

అంతా అట్లా నవ్వులాటగా సాగుతుండగా కెన్యా నుంచి ఉత్తరం వచ్చింది. తరగతులతో పాటు ఆరోగ్య శిబిరం కూడా పెట్టాలట, మీ జట్టులో ఒక నర్సు ఉంటే మంచిదట. నేను తల గోక్కోలేదు, ఎవరినీ అడగలేదు. మా చెల్లెలుంది కదా అన్నాను.

మా చెల్లెలు ధర్మవరం దగ్గర ఒక సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. నాయన పోయినాక ఆమెను చదివించింది నేనేనని నేను చెప్పుకుంటాను. ఆమె పట్టుబట్టి చదువుకుంది, నేను బస్సు ఎక్కించాను, అదీ నిజం. ఆమె భర్త లారీ డ్రైవరు. ముదిగుబ్బ రోడ్డులో లారీ బోల్తాపడి నడుము దెబ్బతిన్నప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా తాతల కాలంలోనే మా వాడంతా క్రైస్తవంలోకి వచ్చింది. కానీ కాగితాల మీద మేము ఎస్సీలం, హిందువులం. క్రైస్తవులమని రాసుకుంటే ఎస్సీ పోతుంది, బీసీ-సీ అవుతాం. చదువులోనూ ఉద్యోగంలోనూ ఎస్సీలకు వచ్చేది రాదు. యేసుప్రభువును నమ్ముకున్నంత మాత్రాన ఊరు మమ్మల్ని చూసే చూపు మారలేదు కదా, మరి కాగితమెందుకు మార్చుకోవాలని మా పెద్దలు వాదించేవాళ్ళు. అది న్యాయమో అన్యాయమో నేను తేల్చలేను. మా ఇళ్ళలో మనిషికి రెండు పేర్లుంటాయి, బడికొకటి, బాప్తిస్మానికొకటి. ఆ రెండూ ఒకే కాగితం మీద ఎదురుపడకుండా చూసుకుంటూ బతకడం మాకు అలవాటు. చెల్లెలి ఉద్యోగం బడి పేరు మీద, ఎస్సీ సర్టిఫికెట్టు మీద వచ్చింది. నాది ప్రైవేటు ఉద్యోగం. నేను ఏ దేవుణ్ణి మొక్కినా అడిగే నాథుడు లేడు. అందుకే నా విశ్వాసం చాలా గట్టిది.

చెల్లెలు మొదట రానంది.

"విదేశం పోవాలంటే డిపార్టుమెంటు నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలన్నా. ఎందుకు పోతాండావని అడుగుతారు."

"చూసేదానికి అని రాయి. ఆడ సింహాలుండాయి, ఏనుగులుండాయి."

"రాసేది నువ్వు కాదు కదా."

రెండు నెలలు ఆమె వెంటపడ్డాను. దేవుడు పిలుస్తుంటే కాదంటావా అన్నాను. అమ్మ బతికుంటే ఎంత సంతోషపడేది అన్నాను. అమ్మ పేరెత్తితే ఆమె మెత్తబడుతుందని నాకు తెలుసు, తెలిసే ఎత్తాను. చివరికి ఒక రోజు ఫోన్ చేసి వస్తానంది.

"కానీ నా ఫోటో యాడా కనపడగూడదు. నా పేరు యాడా రాయగూడదు. మాట ఇయ్యి," అంది.

ఇచ్చాను. మేము ఒట్లు పెట్టుకోం, మాట అంటే మాటే. ఆమె కుటుంబ విహారమని రాసి ఎన్‌ఓసీకి పెట్టుకుంది. ఆడపిల్లలిద్దరూ అమ్మ విమానమెక్కుతుందని వాడంతా చెప్పబోతే నోరు మూయించింది.

ఇక మా ప్రాంతంలో ఒక పని జరిగిందనడానికి రుజువు ఏమిటంటే ఫ్లెక్సీ. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చావుకు ఫ్లెక్సీ, బోరులో నీళ్ళు పడితే ఫ్లెక్సీ వేసినవాణ్ణి కూడా చూశాను. మనిషి మొహం కింద వాడి హోదా లేకపోతే ఆ మొహానికి విలువ లేదు. యాత్రకు ముందు మమ్మల్ని ప్రార్థన చేసి పంపే కూడిక ఒకటి పెనుకొండ చర్చిలో పెట్టుకున్నాం. దానికి ఫ్లెక్సీ లేకపోతే ఎట్లా? హిందూపురంలో కొట్టుకు పోయి కూర్చున్నాను. పైన మేఘాలు, మేఘాల్లో విమానం, కింద భూగోళం, మధ్యలో "మన సంఘము నుండి మొదటి విదేశీ సువార్త యాత్ర" అని పసుపు అక్షరాలు. మూలన సింహాన్ని కూడా పెట్టిస్తానంటే కంప్యూటరు ముందు కూర్చున్నతను వద్దన్నాడు.

చెల్లెలిది వదిలేసి ఏడు ఫోటోలిచ్చాను. దేవుడి సాక్షిగా ఏడే ఇచ్చాను. అతను పైన నాలుగు, కింద మూడు పేర్చాడు. కింద వరుసలో కుడి పక్కన బోసిగా ఒక ఖాళీ.

"ఇంకొకటి ఉంటే నిండుగా ఉంటుంది సార్," అన్నాడు.

మూడూ నడిమికి జరిపి చూశాడు. పైన నాలుగు, కింద మూడు, తమలపాకు ముడిచినట్టు వంకరగా ఉంది. నా ఫోన్లో వీసా కోసం పంపిన ఫోటోలన్నీ ఒకే చోట ఉన్నాయి. ఎనిమిదోది తెల్ల యూనిఫారంలో మా చెల్లెలు. ఎంత బాగుందో. జట్టు మొత్తంలో సర్కారు ఉద్యోగం ఉన్నది ఆమెకే. మిగిలినవాళ్ళ కింద సండే స్కూల్ టీచర్, గాయకుడు, సంఘ పెద్ద అని ఉంటే, ఆమె కింద స్టాఫ్ నర్స్ అని పడితే మొత్తం ఫ్లెక్సీకే ఒక లెక్క వస్తుంది. చర్చి కాంపౌండులో పెట్టేదే కదా, మనవాళ్ళు తప్ప ఎవరు చూస్తారు అనుకున్నాను. పేరు రాయను, హోదా మాత్రమే రాస్తాను కాబట్టి సగం మాట నిలుపుకున్నట్టే అని కూడా అనుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

గురువారం సాయంత్రం గేటుకు కట్టించాను. చేతులు నడుం మీద పెట్టుకుని రోడ్డు అవతల నుంచి చూసుకున్నాను కూడా.

ఆదివారం పొద్దున చెల్లెలు ధర్మవరం నుంచి బస్సులో వచ్చింది. గేటు దగ్గర ఆమె ఆగిపోవడం నేను లోపలి నుంచి చూశాను. మెచ్చుకుంటుందని నవ్వుతూ ఎదురుపోయాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"దించన్నా," అంది.

"గేటు కాడ్నే కదమ్మా. మనోళ్ళే..."

"గేటు రోడ్డు మీద ఉండాది."

నేనే నిచ్చెన వేసుకుని దించాను. కూడికకు వచ్చినవాళ్ళు ఎందుకు దించుతున్నావని అడిగితే గాలికి చిరుగుతోందని చెప్పాను. లోపల అయ్యగారు ఎనిమిదిమందినీ ముందుకు పిలిచి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఏడుగురమే నిలబడ్డాం. చెల్లెలు చివరి వరుసలో తల వంచుకుని కూర్చుంది, పాటలు అయిపోకముందే లేచి బస్సుకు పోయింది.

మూడు రోజులు. ఆ గేటుకు మూడు రోజులున్నదంతే. మూడు వారాల తర్వాత ఆమెకు మెమో వచ్చింది. ఎస్సీ సర్టిఫికెట్టు మీద ఉద్యోగంలో చేరిన ఫలానా ఆమె క్రైస్తవ మతస్థురాలని, మతప్రచారానికి విదేశం పోతున్నదని, విహారమని అబద్ధం చెప్పి అనుమతి అడిగిందని ఎవరో అర్జీ పెట్టారు. అర్జీకి ఫోటో జతచేశారు. ఫోటోలో మా గేటు, మా ఫ్లెక్సీ, ఎనిమిది మొహాలు. ఒక మొహం చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి ఉంది. అర్జీ ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. తెలిసి ఏం చేస్తాను? రాయి విసిరింది ఎవరైనా, చేతికి అందించింది నేను.

సర్టిఫికెట్టు చెల్లదని తేలితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, ఇన్నేళ్ళ జీతం తిరిగి కట్టమంటారని ఒక వకీలు చెప్పాడు. విచారణ మా మండలాఫీసుకు వచ్చింది, మా సొంతూరు ఆ మండలంలోనే ఉంది కాబట్టి. ఆ నెలన్నర నేను ఎట్లా బతికానో చెప్పలేను. బడిలో అడ్మిషన్ల రిజిస్టరులో పిల్లల పుట్టిన తేదీలు తప్పుగా ఎక్కించాను, ఇరవై ఐదేళ్ళలో మొదటిసారి. ప్రార్థనకు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. చెల్లెలికి రోజూ ఫోన్ చేసేవాణ్ణి. ఒక్కోసారి ఎత్తేది. ఎత్తినా, "డ్యూటీలో ఉండా," అని పెట్టేసేది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. తిట్టలేదు.

ఊళ్ళో విచారణకు ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడు మా వాడ పక్కనే పొలమున్న పెద్ద రైతు ఒకాయన సాక్ష్యం చెప్పాడు. మా మూడు తరాలను ఎరిగిన మనిషి. "వాళ్ళు మా ఊరి జాతరకు వస్తారు సార్, అందరి మాదిరే ఉంటారు," అని చెప్పి వేలిముద్ర కాదు, పొడుగ్గా సంతకమే పెట్టాడు. మేము ఏ రోజూ జాతరకు పోలేదని ఆయనకు తెలుసు. ఆఫీసువాళ్ళు పోయాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, మీ దేవుడు మీ ఇంట్లో ఉంటే మాకేం కష్టం? బ్యానరు మీదికి ఎందుకు ఎక్కించినావు?" అన్నాడు.

మమ్మల్ని వాకిట్లోకి రానివ్వని తాతకు మనవడు ఆయన, మా కోసం అబద్ధమాడాడు. ఆయనకు దండం పెట్టి వచ్చేశాను.

ఊరి సాక్ష్యం సరిపోదన్నారు. ఫ్లెక్సీ వేసింది చర్చి కాబట్టి, ఈమె మా సభ్యురాలు కాదని చర్చి రాసివ్వాలన్నారు. ఆ మాట చెప్పిన అధికారి మంచివాడే, గొంతు తగ్గించి చెప్పాడు. అట్లాంటి కాగితం ఒకటి ఉంటే ఫైలు మూసేయడానికి తనకు వీలవుతుందన్నాడు.

అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సంగతంతా విన్నారు.

"బుక్కపట్నం చెరువులో నా చేతులతో ముంచి లేపిన బిడ్డప్పా అది," అన్నారు. "ఆమె మా బిడ్డ కాదని నేను ఎట్లా రాసేది?"

"ఉద్యోగం పోతాదయ్యగారూ. ఆ పిల్లోళ్ళు రోడ్డున పడతారు."

"పోగొట్టుకోమని నేను చెప్పలేను. రాసియ్యనూ లేను. సెక్రటరీవి నువ్వు ఉండావు కదా." ఆయన కండ్లు తుడుచుకున్నారు. "ప్రభువు నిన్ను క్షమించాల. నన్ను గూడా."

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. కెన్యాకు ఉత్తరాలు రాయడానికి వాడిన లెటర్‌హెడ్డే తీశాను. పైన శిలువ, దాని కింద వాక్యం. "పై తెలిపిన వ్యక్తికి మా సంఘముతో ఎటువంటి సంబంధము లేదు. ఆమె మా సభ్యురాలు కాదు. ఆమె ఫోటో పొరపాటున ముద్రించబడినది." సంతకం చేశాను, స్టాంపు వేశాను. రిజిస్టరు అడిగితే చూపించాలి కదా. పేజీ తీసి ఆమె బాప్తిస్మం పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన "తొలగించబడినది" అని రాశాను. ఆ పేజీలో మా అమ్మ పేరు, నాయన పేరు, నా పేరు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి కింద నాలుగో వరుసకు గీత. నా దస్తూరి ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు కూడా గుండ్రంగానే వచ్చింది.

వాంగ్మూలం ఇచ్చే రోజు ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. చేతులకు గాజులు. మండలాఫీసు బయట వేపచెట్టు నీడలో నిలబడి సంచీలోంచి స్టిక్కరు బొట్ల అట్ట తీసింది. అంతకుముందు ఎన్నడూ పెట్టుకోలేదు. ఫోన్ అద్దంలా పట్టుకుని అంటించుకుంది. బొట్టు ఒక పక్కకు పోయింది.

"నడిమికి ఉండాదా అన్నా?" అని అడిగింది.

లేదు. నేనే వేలితో పీకి, సరిగ్గా రెండు కనుబొమల మధ్య అంటించాను. ముఖం నిండుగా ఉంది. బొట్టు పెట్టుకునే ఇళ్ళలో ఆడవాళ్ళకు అదొక అందం, నాకు తెలుసు, తప్పు బొట్టుది కాదు. నా చెల్లెలి ముఖం మీద నేను అబద్ధం అంటించాను, అదే తప్పు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాకే వచ్చాయి.

లోపల అధికారి ఇద్దరినీ కూర్చోమన్నాడు. ముందు నన్ను అడిగాడు. ఈమె మీ చర్చికి వస్తుందా? రాదు సార్. ప్రార్థన చేస్తుందా? చెయ్యదు సార్. మరి ఫోటో? నాది పొరపాటు సార్, చెల్లెలని మురిపెం కొద్దీ పెట్టినా. ఒక్కో జవాబూ వణుకు లేకుండా వచ్చింది. ప్రభువును ఎట్లా నమ్ముకున్నానో కెన్యాలో చెప్పడానికి నేను నా సాక్ష్యం నెల రోజులు అద్దం ముందు సాధన చేశాను, ప్రతిసారీ తడబడ్డాను. ఇక్కడ తడబడలేదు.

తర్వాత ఆమెను అడిగాడు. ఆమె తల ఎత్తి, "నేను హిందువును సార్. చర్చికి పోను," అంది. గుమాస్తా రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. అంతా కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఫైలు మూసేశారు. ఉద్యోగం నిలబడింది. దేవుడికి స్తోత్రం అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

జట్టు కెన్యా పోయింది. హిందూపురంలో ప్రైవేటు ఆసుపత్రి నర్సు ఒకామె చెల్లెలి బదులు వెళ్ళింది. నేను పోలేదు. షుగరు ఎక్కువైందని చెప్పాను, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. వాళ్ళు అక్కడ నిజంగానే ఒక గోడకు రంగు వేస్తున్న ఫోటోలు పంపారు. అందరూ వాటికి చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

చెల్లెలు ఇప్పుడు చర్చికి రాదు. రాకూడదు. అర్జీ పెట్టినవాళ్ళు ఇంకోసారి పెట్టరని ఏమీ లేదు. ఆదివారాలు అడిగి మరీ డ్యూటీ వేయించుకుంటుంది. ఇంట్లో పాట పాడితే పక్కవాళ్ళకు వినిపిస్తుందని పాడదు. పెద్దపిల్ల ఈ ఈస్టరుకు బాప్తిస్మం తీసుకోవాల్సింది, ఆపేశారు. బొట్టు రోజూ పెట్టుకుంటోంది, ఇప్పుడు నడిమికే వస్తుంది.

మొన్న ఒక మధ్యాహ్నం ధర్మవరం పోయాను. ఆమె యూనిఫారాలు ఇస్త్రీ చేస్తోంది. నేను మంచం మీద కూర్చుని ఏదేదో మాట్లాడాను, పిల్లల చదువులు, బావ నడుము. ఆమె తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మ పక్కన జాగా ఉండాది కదన్నా. నేను సచ్చిపోతే ఆడ పెట్టనిస్తారా?"

అవేం మాటలమ్మా అన్నాను. కానీ ఆమె ఏం అడుగుతోందో నాకు బాగా తెలుసు. మా సమాధుల తోటలో గుంట తవ్వాలంటే చనిపోయిన మనిషి పేరు రిజిస్టరులో ఉండాలి, సెక్రటరీ సంతకం పెట్టాలి. రెండేళ్ళ కిందట నంబులపూలకుంట వైపు నుంచి ఒక కుటుంబం శవాన్ని ఆటోలో పెట్టుకుని వచ్చింది. రిజిస్టరు తీసి చూసి, పేరు లేదని చెప్పి పంపించింది నేనే. నియమం నియమమే అన్నాను. వాళ్ళు ఎక్కడ పూడ్చుకున్నారో అడగలేదు.

"నువ్వు రిటైరైన మరుసటి దినమే మళ్ళీ రాస్తానమ్మా. అయ్యగారికి తెలుసు, నాకు తెలుసు, అంతా ఉత్తుత్తిదే కదా," అన్నాను.

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"అయ్యగారు ముసలాయన. నీకు షుగరు. మీరిద్దరూ పోయినాక నేను ప్రభువు బిడ్డనని ఎవరు చెప్తారన్నా? నువ్వు రాసిన కాగితం మాత్రం ఉంటాది."

ఆమె మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. సాయంత్రం బస్సు పెనుకొండ చేరేదాకా ఆ మాటకు జవాబు వెతుక్కున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె చర్చిలో పుట్టి పెరిగిందని, చెరువులో బాప్తిస్మం పొందిందని, ఆ బొట్టు అంటించింది నేనని, ఆ గీత కొట్టింది నేనని నా తర్వాత ఎవరికైనా తెలియాలని. కానీ ఆమె పేరు రాయలేను, రాస్తే ఉద్యోగం పోతుంది. నా పేరు రాస్తే ఆమె పేరు తెలిసిపోతుంది. పేర్లు లేని ఈ కాగితం చూపించి ఆమెకు గుంట తవ్వమంటే రేపటి సెక్రటరీ తవ్వనివ్వడు. నేనైనా తవ్వనివ్వను.

ఆమె రిటైరు కావడానికి ఇంకా ఇరవై నాలుగేళ్ళుంది. అప్పటికి అయ్యగారికి నూరేళ్ళు వస్తాయి, నాకు డెబ్బై నాలుగు. ఆయన బతకాలని, నేను బతకాలని, మాకంటే ముందు ఆమె పోకూడదని రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నాను.